మిల్లీమీటరు మామయ్య చేసిన కాజా కత్తి

ఆ ఆదివారం పొద్దున్నే పళ్లు తోముకుంటూ మామయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు. సాయంత్రంలోగా అత్తయ్యకు గుండీల కాజాలు కోసే కత్తి ఒకటి చేసి ఇవ్వాలి. ఆవిడ దర్జీ. వేళ్ల కీళ్లు పట్టేసి కత్తెర మూయడమే గండంగా ఉంది. "కుట్టడానికి ఒప్పుకున్న కోట్లు అయ్యాక మిషను మూసేస్తానండీ" అని ముందురోజే అంది. నలభై ఏళ్లుగా ఆ మిషను చప్పుడు వింటూ బతికిన మామయ్యకు ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది.

ఆయన ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసి రిటైరైన మనిషి. వెంట్రుకవాసి తేడా వచ్చినా సహించడు గనక వీధంతటికీ మిల్లీమీటరు మామయ్య అయ్యాడు. కత్తికి పిడి బదులు ఉంగరంలాంటి కట్టు పెడితే, వేలికి తొడిగి అరచేత్తో నొక్కితే సరిపోతుంది. కాని వేలి కొలత కావాలి. అడిగితే గుట్టు రట్టవుతుంది. టిఫిను తిని కుర్చీలో కళ్లు మూసుకున్న అత్తయ్య ఉంగరపు వేలికి దారం చుట్టి చూసి, పిల్లిలా పెరట్లో పనిముట్ల షెడ్డులోకి జారుకున్నాడు.

అత్తయ్య నిద్రపోలేదు. షెడ్డు తలుపు పడగానే చెల్లెలికి ఫోను చేసింది.

"మీ బావగారు నాకు ఉంగరం చేస్తున్నారే!"

"ఆ కీచుమనే గోలేంటక్కా?"

"ఉంగరమే."

"బంగారం అలా అరవదే!"

"ఆయన చేతిలో పడితే ఏదైనా అరుస్తుంది," అంది అత్తయ్య మురిపెంగా.

షెడ్డులో మామయ్య పాత రంపపు బ్లేడు ముక్కను సాన పడుతూ, ఉక్కు వేడెక్కి మెత్తబడకుండా మాటిమాటికీ నీళ్లలో ముంచుతున్నాడు. పొద్దు వాలేసరికి కత్తి తయారైంది. ఎవరి చెయ్యీ తెగకుండా చేతికందిన పాత నగల పెట్టెలో పెట్టి ఇంట్లోకొచ్చాడు. హాలు నిండా జనం! మరదలు, కొత్త కోటులో తోడల్లుడు, ఇరుగుపొరుగు. పెళ్లికి వెళ్లేదానిలా ముస్తాబైన అత్తయ్య. కత్తి చూడ్డానికి ఇంతమందా అని మామయ్య పొంగిపోయాడు.

తోడల్లుడు ఆయన్ని పక్కకు లాగాడు. "పొద్దుట్నుంచీ మా ఆవిడ నన్ను ఉతికి ఆరేస్తోంది అన్నయ్యగారూ! మీరు చేశారట, నేను చెయ్యలేదట!"

"నీకు షెడ్డు లేదుగా, ఎలా చేస్తావు?" అని మామయ్య ఓదార్చాడు.

పెట్టె తెరిచారు.

"ఇదేంటి బావగారూ, ఉంగరానికి కోరలొచ్చాయి?" అంది మరదలు.

"ఉంగరమేంటి? కాజా కత్తి!" అని అందరి ముఖాలూ చూశాక మామయ్యకు సంగతి బోధపడింది. "మీ అక్క మిషను మూసేస్తానంటేనూ..." అని నసిగాడు. తోడల్లుడి ముఖం మాత్రం వెలిగిపోయింది.

అత్తయ్య కట్టును వేలికి తొడుక్కుంది. కొలిచి పోసినట్టు సరిపోయింది.

"మరిదిగారూ, ఆ కోటొకసారి విప్పండి."

సంతోషంలో ఉన్నాడేమో, ఆయన మారుమాటాడకుండా ఇచ్చేశాడు. అత్తయ్య బల్లమీద పరిచి ఒక్క నొక్కు నొక్కింది. గీత గీసినట్టు కాజా తెగింది. వేలు నొప్పెట్టలేదు. ఇంకోటి కోసింది. మరోటి.

"బిగుతుగా ఏం లేదుగా?" అన్నాడు మామయ్య బెరుగ్గా.

"మీ కొలత ఎప్పుడు తప్పింది గనక?" అంది తలెత్తకుండా. "రేపట్నుంచి కొత్త కోట్లు ఒప్పుకుంటాను."

ఆవిడ కళ్లు తుడవడానికి మామయ్య జేబులో నూనెగుడ్డ తప్ప దొరకలేదు. దానికీ ఆవిడ వద్దనలేదు.

ఆ కోటుకున్నవి మూడు గుండీలు. కాజాలు పద్నాలుగయ్యాయి.