కొండ అడిగిన పేరు

పితూరీ మొదలైన కొన్నాళ్లకు పటాలంవాళ్లు జల్లిగూడెం కొండ ప్రతిధ్వనిని అరెస్టు చేశారు. తిరుగుబాటుదారులకు కబుర్లు మోస్తోందన్నది నేరం. పట్టుకోవడం కష్టం కాలేదు. పిలిస్తే పలికే రకం కదా, సుబేదారు పిలిచాడు, అది పలికింది, ఇద్దరు సిపాయిలు చెరో రెక్కా పట్టుకుని పటాలం దిగిన ముసాఫరు బంగళాకు నడిపించుకొచ్చారు.

దీంతో అందరికన్నా పెద్ద చిక్కు పండమ్మకొచ్చింది. ఆమె మొగుడు పితూరీవాళ్లతో కొండ మీదున్నాడు. రోజూ పొద్దువాలే వేళ ఆమె చోడిచేను గట్టున నిలబడి "ఓయ్" అంటే, కొండ ఆ కేకను పైకి అందించేది. అతను ఊటగెడ్డ దగ్గరికి దిగి, ఆమె దాచిన అంబలి తాగి పోయేవాడు. సిపాయిలు లేరన్న గుర్తుగా ఆ పిలుపు రాకుండా దిగితే తూటా తప్పదు. ఇప్పుడు పిలుపే పైకి చేరడం లేదు. తాగేవాడు లేక పులిసిన అంబలిని రోజూ పారబోసి పారబోసి పండమ్మ విసిగిపోయింది. తిన్నగా బంగళాకెళ్లి మొర పెట్టుకుంది.

కెప్టెన్ పిల్కిన్ దొర చట్టం తప్పని మనిషి. జనాన్ని ఇబ్బంది పెట్టడం ప్రభుత్వం ఉద్దేశం కాదన్నాడు. ప్రతిధ్వనికి డ్రిల్లు నేర్పించి, సంకెళ్లతోనే మళ్లీ కొండ మీద డ్యూటీకి పంపాడు. ఇకమీదట ఎవరు కేకేసినా అది "ఎవరిని?" అని అడుగుతుంది. పేరు చెబితేనే కేక పైకి పోతుంది. ఆ పేరుగలవాడు దిగితే కాల్చడానికి సిపాయిలు పక్కనే ఉంటారు.

"మొగుడి పేరు ఏ ఆడమనిసి సెప్పుద్ది దొరా?" అంది పండమ్మ.

ఇది ఇక్కడి ఆచారమని దుబాసీ వివరించాడు. ఆచారాల జోలికి పోవద్దని దొరకు పైనుంచి ఉత్తర్వులున్నాయి. కాసేపు బుర్ర గోక్కుని, అయితే మొగుడిది కాని పేరేదైనా చెప్పమన్నాడు.

ఆ సాయంత్రం పండమ్మ గట్టెక్కి "ఓయ్" అంది. కొండ బూట్లు టక్కున ఆనించి "ఎవరిని?" అంది. చెబితే ఎవడికీ తూటా తగలని పేరు ఆమెకు ఒక్కటే తెలుసు.

"పిల్కినూ, ఓయ్!"

పై అధికారి పేరు వినగానే సిపాయిలు తుపాకులు దించి సెల్యూట్ కొట్టారు. వాళ్లలా బిగుసుకుని ఉండగానే, ఆమె గొంతు గుర్తుపట్టిన మొగుడు దిగొచ్చి అంబలి తాగి, మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు. పండమ్మ నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడింది.

మర్నాటి నుంచి గూడెంలో ఆడవాళ్లందరూ పిల్కిన్‌నే పిలిచారు. కర్తవ్యం తెలిసినవాడు పాపం, పిలిచినప్పుడల్లా దొర రొప్పుతూ కొండెక్కేవాడు. అప్పటికి ఖాళీ ముంతలే మిగిలేవి.

పితూరీ అణిగింది. పటాలం వెళ్లింది, దొర ఓడెక్కాడు, తర్వాత దొరతనమే పోయింది. ప్రతిధ్వనిని డ్యూటీ దిగమని మాత్రం ఎవరూ ఉత్తర్వివ్వలేదు. పండమ్మ మొగుడు ప్రాణాలతో ఇంటికొచ్చాడు, అదే పదివేలు. ఇప్పుడతను కొండవాలున మేకలు కాస్తాడు. పొద్దువాలితే ఆమె "ఓయ్" అంటుంది, కొండ "ఎవరిని?" అంటుంది, ఆమె "పిల్కినూ" అంటుంది. "వత్తన్నా" అంటూ అతను దిగొస్తాడు.

మొన్నామధ్య సర్కారు గుమాస్తా వచ్చి ముసలాయన పేరడిగాడు. పండమ్మ చెప్పలేదు, ఆచారం. ముసలాయన చాలాసేపు ఆలోచించాడు. గుర్తు రాక, కొండవైపు తిరిగి తన పేరేమిటని కేకేశాడు.

కొండ రోజూ వినే పేరే చెప్పింది. గుమాస్తా మనవాడే, అదే రాసుకుని వెళ్లిపోయాడు.