డబ్బాలో డబ్బా, మూత లేని గొయ్యి

ప్రజల ఫిర్యాదులను అత్యంత భద్రంగా కాపాడినందుకు నగర సేవల కార్యాలయానికి ఈ ఏడాది ఉత్తమ పురస్కారం లభించింది. ఎంత భద్రమంటే, లోపలికి వెళ్లిన ఫిర్యాదులో ఏముందో కార్యాలయానికే తెలియదు.

కొత్తగా చేరిన ప్రోగ్రామరమ్మాయికి అప్పగించిన పని చిన్నదే. పురస్కార సభలో తెర మీద ఒక ఫిర్యాదు చూపించాలి. డైరెక్టరుగారు దాన్ని అక్కడికక్కడే పరిష్కరించి చప్పట్లు అందుకుంటారు.

ఆమె జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో ఫిర్యాదు తెరిస్తే అరే కనిపించింది. స్నేహితుణ్ణి పిలిచే అరే కాదు, విలువలు వరసగా పెట్టుకునే డబ్బా. అందులో ఇంకో డబ్బా, దాన్లో మరొకటి. కార్యాలయ నియమం అది. ఫిర్యాదు ఏ సీటు దాటినా ఆ సీటువారు దాన్ని తమ డబ్బాలో పెట్టి పైకి పంపాలి. పక్కనే తమ అభిప్రాయానికి ఒక చిన్న డబ్బా చేర్చాలి. అభిప్రాయం రాస్తే మెడకు చుట్టుకుంటుంది గనక, దాన్ని అందరూ ఖాళీగానే వదిలేవారు.

డబ్బా తెరిచి మొదటిది, అందులో మొదటిది అంటూ ఆమె మెట్టుమెట్టుగా దిగింది. మర్యాద తెలిసిన కొందరు తమ అభిప్రాయాన్ని ముందు, ప్రజల మొరను వెనక పెట్టారు. దాంతో ఆమె ఖాళీ డబ్బాలో కాలు పెట్టింది. ఆమె కంప్యూటర్ తెర మీద 'అన్‌డిఫైన్డ్' అని వచ్చింది, అంటే అక్కడ ఏ విలువా లేదని. డైరెక్టరుగారు తొంగిచూసి, "ఇంగ్లీషులో బాగానే రాశారే, ప్రజల్లో చైతన్యం పెరిగింది" అని మెచ్చుకున్నారు.

"లోపల ఏదో ఉంది సార్, బయటికి తీస్తాను" అంది ఆమె.

"అంత లోపలికి ఎందుకమ్మా? మేమెవ్వరమూ వెళ్లలేదు" అన్నాడు సూపరింటెండెంటు, ఆమె మంచి కోరి.

ఆమె వినలేదు. ఎన్ని పొరలున్నా ఒక్కసారే విప్పే 'ఫ్లాట్' అనే ఆజ్ఞ ఉంది. విప్పాల్సిన లోతు దగ్గర అనంతమని రాసి సభలో మీట నొక్కింది. డబ్బాలన్నీ రాలిపోయాయి. ఖాళీవాటికి ఆనవాలు కూడా మిగల్లేదు. తెర మీద ఒకే వాక్యం నిలిచింది: బడి ముందు మ్యాన్‌హోల్‌కు మూత లేదు, పిల్లలు పడతారు.

చప్పట్లు పడలేదు.

"మా అభిప్రాయాలు ఏమైనట్టు?" అన్నాడు సూపరింటెండెంటు.

"ఖాళీవి సార్. విప్పితే ఏమీ మిగలవు."

డైరెక్టరుగారు తేరుకుని మైకు అందుకున్నారు. "ఇంతమంది శ్రమను ఒక్క మీటతో తుడిచేసే పరికరం సమాజానికి ప్రమాదకరం. అయినా ఈ అమ్మాయి ప్రతిభను గౌరవిస్తూ కొత్తగా విప్పుదల విభాగం ఏర్పాటు చేస్తున్నాం. ఇకమీదట విప్పిన ప్రతి ఫిర్యాదునూ ఆవిడ తన డబ్బాలో పెట్టి పైకి పంపుతుంది."

ఆమెకు గది, పేరు పలక, టీ కప్పు వచ్చాయి. టీ పక్కన పెట్టి ఫిర్యాదుదారుకి ఫోన్ చేసింది. ఆయన బడి ఎదుట కుట్టుమిషను పెట్టుకున్న టైలరు.

"మూతా? ఎదురుచూసి విసుగొచ్చి మా దొడ్డి తలుపు ఊడదీసి వేశానమ్మా. మీరేం కంగారు పడకండి" అన్నాడు.

ఆమె ఊపిరి పీల్చుకునేలోపే బల్ల మీదికి డైరెక్టరుగారి ఆదేశం ఒకటి దిగింది; ఆ తలుపును ఎవరో చూసి చెప్పారట. అనుమతి లేకుండా నగర గోతిని మూసిన వ్యక్తికి నోటీసు పంపి చెక్క తొలగించాలి. విచిత్రంగా అది ఏ డబ్బా లేకుండా తిన్నగా వచ్చింది.

ఆమె నోటీసు రాసింది. తర్వాత నోటీసును డబ్బాలో పెట్టింది, ఆ డబ్బాను ఇంకో డబ్బాలో, దాన్ని మరోదాన్లో. పక్కన ఖాళీ అభిప్రాయం చేర్చి పరిశీలన నిమిత్తం సూపరింటెండెంటుకు పంపింది. ఆయన సంతోషంగా తన డబ్బా తొడిగి పైకి పంపాడు. నోటీసు టైలరుకు నేటికీ చేరలేదు.

తలుపు చెక్క అక్కడే ఉంది. దాని మీదుగా పిల్లల్ని చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లే పెద్దలు, అది కిర్రుమంటోందని రోజూ టైలరునే తిట్టిపోతున్నారు.