బుధవారం రాని బండి

మా తైనాన్ నగరంలో అందరికంటే గొప్ప మానసిక వైద్యుడు పసుపు రంగులో ఉంటాడు. ఏనుగంత ఒళ్ళు. ఆ ఒళ్ళంతా కంపు. వారానికి ఐదు రోజులు, సాయంత్రం ఆరూ నలభైకి, స్పీకరులో పియానో పాట మోగించుకుంటూ మా సందులోకి వస్తాడు.

అవును, చెత్త బండి గురించే చెబుతున్నాను!

మీరు మూతి తిప్పుకుంటున్నారని తెలుసు. మీకు ఆ బండి ఒక పీడ. స్నానం మధ్యలో వస్తుంది. పొయ్యి మీద చేప మాడుతుండగా వస్తుంది. టీవీలో అత్తగారు కోడలి చెంప మీద కొట్టడానికి చెయ్యెత్తిన క్షణంలోనే వస్తుంది. సంచీని నేల మీద వదిలి పోవడానికి లేదు. ఎవరి చెత్త వాళ్ళే చేత్తో పట్టుకుని, కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుని పరుగెత్తాలి. వేరే దేశాల్లో సంచీ గుమ్మం ముందు పెడితే తెల్లారేసరికి మాయమవుతుందట కదా, మనకెప్పుడు ఆ భాగ్యం అని ఈ వార్డు పత్రికకే మీలో ముగ్గురు ఉత్తరాలు రాశారు.

ఆ దేశాల మీద జాలి పడండి! అక్కడ మనిషికి పిచ్చెక్కితే, ఎక్కిన సంగతి ఎవరికి తెలుస్తుంది? పక్షం రోజులు తలుపు తీయకపోయినా అడిగేవాడుండడు. మా సందులో రెండు రోజులు సంచీతో కనిపించకపోతే మూడో రోజు తలుపు కొడతారు.

ఈ విషయం మీద రాయడానికి నాకేం అర్హత ఉంది అంటారా? పందొమ్మిదేళ్ళ అర్హత ఉంది. కొండల అవతలి ఆసుపత్రిలో అన్నేళ్ళు ఉన్నాను. బడికి వెళ్ళింది రెండేళ్ళే. మిగతా చదువు మాత్రల డబ్బాలో మడిచి పెట్టే కాగితాల మీద నేర్చుకున్నాను. వణుకు, నోరెండుట, మలబద్ధకం, నిలబడినప్పుడు కళ్ళు తిరుగుట: నా మొదటి వాచకంలో పాఠాలివి. తరువాత పాత పత్రికలు చదివాను, ఆ తరువాత ఏ కాగితం దొరికితే అది. ఇప్పుడు డెబ్బై రెండేళ్ళు. నాలుగేళ్ళుగా ఈ సందులో, మూడో అంతస్తులో, ఒక గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఈ నాలుగేళ్ళలో నన్ను నిలబెట్టింది ఎవరనుకుంటున్నారు?

లెక్క చూడండి. ఆసుపత్రిలో రోజూ పొద్దున్నే ఒక నర్సు అడిగేది: "ఈ రోజు ఏ వారం? మనం ఎక్కడున్నాం?" పందొమ్మిదేళ్ళు అడిగింది. పాపం, తనకు గుర్తుండేది కాదేమో! బండి అలా అడగదు. వారం తెలియనివాడు చెత్తతోనే పడుకుంటాడు, అంతే.

మంచం దిగాలి. జుట్టు దువ్వుకోవాలి. నలుగురి మధ్య నిలబడాలి. తనలోంచి పోవలసినదాన్ని తన చేత్తోనే విసరాలి. దీన్ని ఆసుపత్రిలో 'సామూహిక చికిత్స' అని గంటన్నర సేపు చేయించేవారు, కుర్చీలు గుండ్రంగా వేసి. బండి నాలుగు నిమిషాల్లో చేయిస్తుంది. కుర్చీలు కూడా అక్కర్లేదు!

పైగా వేరు చేయడం నేర్పుతుంది. కాల్చేది ఒక సంచీలో, మళ్ళీ వాడేది వెనక వచ్చే రెండో బండిలో. వండిన మిగులు పందులకు, పచ్చి తొక్కలు ఎరువుకు. నా తలలో మాట్లాడేవాళ్ళను కూడా ఇప్పుడు అలాగే వేరు చేస్తున్నాను. ఒకామె నా వంటకు వంకలు పెడుతుంది: "ఉప్పెక్కువైంది, ఇంకా వేస్తున్నావా?" ఆమె పందుల బకెట్లోకి. ఒకామె బస్సు కండక్టరు, రాబోయే స్టాపులు చదువుతూ ఉంటుంది. ఆమె వల్ల హాని లేదు, ఎరువు. మూడో గొంతు మా అమ్మది. దాన్ని ఏ బకెట్లో వేయాలో, బండి వెనక నిలబడి ఈల వేస్తూ చెత్త అందుకునే అమ్మాయిని అడిగాను. "అది ఇంట్లోనే ఉంచుకో మామ్మా" అంది.

అమ్మ పేరు వచ్చింది గనక ఒక మాట చెప్పి ముందుకెళతాను. ఆసుపత్రి గుమ్మంలో 'మళ్ళీ కలుద్దాం' అనకూడదని మనవాళ్ళ పట్టింపు కదా. అంటే మళ్ళీ అక్కడే కలవాల్సి వస్తుందని భయం. నన్ను చేర్పించిన రోజు అమ్మ కూడా అనలేదు. జామకాయల సంచీ నా ఒళ్ళో పెట్టి, వెనక్కి తిరగకుండా బస్సెక్కింది. మళ్ళీ రాలేదు. మూడో ఏడు పోయిందని చెల్లెలు చెప్పింది. ఆ తరువాత ఆ గుమ్మంలోంచి ఎంతమంది వెళ్ళారో! పక్క మంచం ఆమె, నాకు 'ఆకాశం' అన్న మాట రాయడం నేర్పినామె, ముగ్గురు వంటవాళ్ళు, నలుగురు డాక్టర్లు. అందరూ పట్టింపు పాటించారు. ఎవరూ ఏమీ అనకుండానే వెళ్ళిపోయారు.

అందుకే చెబుతున్నాను. నాలుగు నిమిషాలు నిలబడి, వెళ్ళిపోయి, మర్నాడు అదే నిమిషానికి తిరిగి వచ్చిన ప్రాణి నా జీవితంలో ఆ బండి ఒక్కటే. దానికి ప్రాణం లేదంటారా? ఉన్నవాళ్ళు చేసిందేమిటట!

ఈ వైద్యుడికి ఒకే లోపం ఉంది. బుధవారం, ఆదివారం సెలవు. ఆ సెలవు వల్లే నాకు గండం వచ్చింది.

పోయిన నెల ఒక బుధవారం ఆరున్నరకు వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. బండి పాట వినిపించింది. కాళ్ళు నన్నడగలేదు. సంచీ, రెండు బకెట్లు పట్టుకుని కిందికి దిగాను. సందులో ఎవరూ లేరు. బండీ లేదు. పాట కూడా లేదు. కుక్క ఒకటి నా బకెట్ వైపు చూస్తోంది. పావుగంట నిలబడ్డాను. ఎందుకంత సేపు అంటారా? వస్తుందని నమ్మిన మనిషి ఎంతసేపు నిలబడాలో నాకు ఎవరూ నేర్పలేదు.

కింద ఉదయం ఫలహారాల దుకాణం నడిపే లాయమ్మ షట్టరు సగం ఎత్తి తొంగి చూసింది.

"ఏంటి పిన్నిగారూ, ఈ వేళ బుధవారం కదా?"

"పాట వినిపించిందమ్మా."

"ఏ పాట?"

"బండి పాట."

లాయమ్మ మంచిది. మంచిది గనకే షట్టరు దించి మా చెల్లెలికి ఫోను చేసింది.

మా చెల్లెలు సూ-లువాన్ కూడా మంచిదే. నా గది అద్దె కాగితం మీద సంతకం తనది. ఆ రోజు సంతకం పెడుతూ ఒకే షరతు పెట్టింది: మళ్ళీ ఏదైనా జరిగితే ఆసుపత్రికే. 'ఏదైనా' అంటే ఏమిటో ఆ కాగితంలో లేదు. ఇప్పుడు తెలిసింది. చెత్త సంచీతో బుధవారం నిలబడటం.

మర్నాడే నన్ను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. కుర్రవాడు. కొత్త కళ్ళద్దాలు.

"సంగీతం వినిపించిందా అమ్మా?"

"వినిపించింది."

"బండి ఉందా?"

"లేదు."

నేనన్నది రెండు మాటలు. ఆయన టైపు చేసింది మూడు పేరాలు! మందు పెంచారు. పెంచిన మందుతో నా చేతులు వణికాయి, అక్షరాలు కాగితం మీద చీమల్లా పాకాయి. నాకు చదవడం పోవడమంటే ఏమిటో మీకు తెలియదు. వచ్చే గురువారం పొద్దున ఆసుపత్రిలో మంచం ఖాళీ అవుతుందని, అప్పుడు వచ్చి తీసుకెళతానని సూ-లువాన్ చెప్పింది. "కొన్నాళ్ళేలే అక్కా" అంది. ఇరవై మూడేళ్ళ కిందట అమ్మ కూడా సరిగ్గా అంతే చెప్పింది.

నేను ఎదురు చెప్పలేదు. ఎందుకు చెబుతాను? నాకు లేని గొంతులు వినిపిస్తాయన్నది అబద్ధం కాదు. ఇదీ వాటిలో ఒకటేనేమో! గౌరవంగా ఒప్పుకున్నాను. బట్టలు సర్దుకున్నాను. బండి వెనక ఈల వేసే అమ్మాయికి నా పచ్చళ్ళ సీసాలు ఇచ్చేశాను. ఏమీ అనకుండా.

బుధవారం వచ్చింది. గురువారానికి ముందు రోజు. వేడి అంటే మామూలు వేడి కాదు, గోడలు చెమట పట్టాయి. ఆరున్నరకు పెట్టె పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాను. మళ్ళీ పాట!

ఈసారి మోసపోతానా! చెవులు మూసుకున్నాను. "ఈ రోజు బుధవారం. మనం తైనాన్‌లో ఉన్నాం" అని పైకే చెప్పుకున్నాను, ఆ నర్సుకు చెప్పినట్టు. కిటికీ దగ్గరకు వెళ్ళి చూశాను, సందు ఖాళీగా ఉంటే మనసు కుదుటపడుతుందని.

సందు నిండా జనం.

మొత్తం ఇరవై ముగ్గురు. తరువాత లెక్కపెట్టాను. సంచీలు, బకెట్లు, పాత అట్టలు పట్టుకుని, వరసలో, బండి వచ్చే వైపు మెడలు సాచి నిలబడ్డారు. ఒకాయన తలకు సబ్బు నురగతో ఉన్నాడు. లాయమ్మ అందరికంటే ముందుంది. పైకి చూసి అరిచింది:

"పిన్నిగారూ, ఇంకా దిగలేదేం? బండి వచ్చేస్తోంది!"

"ఈ రోజు బుధవారం!" అన్నాను.

"ఆఁ?"

"బుధవారం! బండి రాదు!"

ఇరవై ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సబ్బు నురగాయన ఫోనులో తేదీ చూసుకున్నాడు.

"మరి పాట వినిపిస్తోంది కదండీ!"

"నాకూ వినిపిస్తోంది. నాకొక్కదానికే అనుకున్నాను!"

పాట సగంలో ఆగింది. రెండు స్వరాలు తప్పాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. అప్పుడు అందరి తలలూ ఒక్కసారే పైకి లేచాయి, నా కిటికీ మీదుగా నాలుగో అంతస్తుకి.

అక్కడ ఉండేది టూ గారు. రైల్వే టికెట్ల కిటికీ వెనక ముప్పై నాలుగేళ్ళు కూర్చుని రిటైరైన మనిషి. రెండు నెలలుగా ఎవరికీ తెలియకుండా ఎలక్ట్రిక్ పియానో నేర్చుకుంటున్నారట. ఆయనకు తెలిసిన పాట అదొక్కటే. ఇన్నాళ్ళూ ఏసీ వేసుకుని కిటికీలు మూసి వాయించేవారు. పోయిన బుధవారం ఆ పాట వంటింటి గాలిగొట్టంలోంచి జారి సరిగ్గా నా బెండకాయల మీద పడింది. ఆ రోజు ఏసీ పాడైంది. కిటికీ తెరిచారు. పాట సందంతటి మీదా పడింది.

బనీను మీద కిందికి వచ్చి, చేతులు జోడించి వంగి వంగి క్షమాపణ చెప్పారు:

"మిగతా రోజుల్లో వాయిస్తే బండి అనుకుని మీరంతా తికమకపడతారని, జాగ్రత్తగా బుధవారం ఎంచుకున్నానండీ..."

సందు సందంతా పగలబడి నవ్వింది. లాయమ్మ నవ్వీ నవ్వీ బకెట్ మీద కూర్చుంది. నవ్వు సగంలో ఆగిపోయింది. పైకి చూసింది.

"పిన్నిగారూ... పోయిన బుధవారం మీరు విన్నది?"

"ఇదే. రెండు తప్పు స్వరాలతో సహా."

మర్నాడు పొద్దున సూ-లువాన్ టాక్సీలో వచ్చింది. మెట్ల దగ్గర లాయమ్మ దారికి అడ్డంగా నిలబడింది, గుడ్డు అట్టు పొట్లం ఒక చేతిలో, టూ గారి మోచెయ్యి మరో చేతిలో. ఆయన చేత అక్కడికక్కడే మొత్తం చెప్పించింది. మా చెల్లెలు వినీ వినీ పైకొచ్చి, నా పెట్టె మీద కూలబడింది.

"నిజంగానే విన్నానని నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్పాను. నువ్వు డాక్టరు వైపు చూశావు."

పెట్టె మీద నుంచి లేచింది. దాన్ని తెరిచి నా బట్టలు మళ్ళీ అల్మారాలో పెట్టింది, చొక్కాల మడతలన్నీ తప్పుగా. డాక్టరుకు ఫోను చేసి మందు సంగతి గట్టిగానే మాట్లాడింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగింది. మా ఇంటివాళ్ళు గుమ్మాల్లో ఏమీ అనరని నాకు అలవాటే. తల దించుకున్నాను.

"శనివారం బండి వేళకు వస్తాను. మళ్ళీ కలుద్దాం" అంది.

మొన్న శనివారం వచ్చింది. ఆరూ ముప్పై అయిదుకే. వండిన మిగులు, పచ్చి తొక్కలు ఒకే బకెట్లో కలిపేసి ఈల అమ్మాయి చేత చీవాట్లు తింది.

మందు తగ్గించారు. అక్షరాలు నిలకడగా ఉన్నాయి, అందుకే ఇది రాయగలుగుతున్నాను. బస్సు కండక్టరు ఇంకా స్టాపులు చదువుతూనే ఉంది. నాకు పూర్తిగా నయమైందని ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

ఇక బాధ్యత గల పౌరురాలిగా నా నివేదిక. ఫలానా బుధవారం సాయంత్రం ఆరున్నరకు, లేని బండి కోసం మా సందులో ఇరవై ముగ్గురు సంచీలతో కిందికి దిగారు. వాళ్ళ పేర్లు, అంతస్తులతో సహా, నా దగ్గర రాసి ఉన్నాయి. వాళ్ళలో ఎవరికీ మందు పెంచలేదు. ఎవరి కోసమూ మంచం ఖాళీ చేయించలేదు. టూ గారు ఇంటికో స్పాంజి కేకు పంచారు, అంతటితో సరి.

నేనూ వాళ్ళ చెల్లెళ్ళకు ఫోను చేయలేదు. మంచిదాన్ని కాను కదా!

మీ సందులో ఎవరైనా బుధవారం సంచీతో ఒంటరిగా నిలబడితే, ఫోను తీసే ముందు ఒక్కసారి తలెత్తి చూడండి. పైన ఎవరి కిటికీ తెరిచి ఉందో.