మామగారి గదికి మూడు రూల్సు

గురువారం పొద్దున ఏడూ నలభైకి, ఒక చేత్తో పళ్ళు తోముకుంటూ, రెండో చేత్తో ఫోన్ నొక్కుతూ, అల్లుడు తన మామగారిని ఇంట్లోంచి మర్యాదగా సాగనంపే ఏర్పాట్లు పూర్తిచేశాడు. ఈ ఏర్పాట్లలో మామగారితో ఒక్క మాట కూడా మాట్లాడాల్సిన పనిలేదు. వాటి గొప్పతనమంతా అందులోనే ఉంది.

మామగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై నాలుగేళ్ళు చెడిపోయిన లైన్లు బాగుచేసి రిటైరైన మనిషి. నాలుగు రోజులుండి వెళతానని కూతురింటికి వచ్చారు. ఇప్పుడు పద్దెనిమిదో రోజు నడుస్తోంది. ఆయన దిగిన గది అల్లుడు కూర్చుని ఆఫీసు పని చేసుకునే గది. తలుపు వేస్తే పూర్తిగా పడే గది ఆ ఇంట్లో అదొక్కటే. పద్దెనిమిది రోజులుగా అల్లుడి ఆఫీసు వాషింగ్ మెషీన్ పక్కన స్టూలు మీద నడుస్తోంది. మెషీన్ బట్టలు పిండడం మొదలుపెట్టినప్పుడల్లా లాప్‌టాప్‌తో సహా అల్లుడు కూడా ఊగిపోయేవాడు. మొన్న మీటింగులో మేనేజర్ చూసి, "అంత జ్వరమైతే సెలవు పెట్టొచ్చు కదయ్యా" అన్నాడు. రాబోయే సోమవారం పైవాళ్ళందరి ముందూ గంటసేపు మాట్లాడాలి. నిలకడగా మాట్లాడితే టీమ్ లీడర్. లేకపోతే లేదు. కాబట్టి ఆదివారంలోగా గది ఖాళీ కావాలి.

"మామయ్యగారూ, ప్రయాణమెప్పుడు?" అని నోరు తెరిచి అడిగిన అల్లుడు ఇంతవరకు లేడు. ఉన్నా, భార్య చేతికి చిక్కాక మిగిలి ఉండడు. అందుకని ఆ ప్రశ్న ఇంటిచేత అడిగించాలని నిర్ణయించాడు.

ఇల్లు అందుకు సమర్థురాలే. లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు, గీజర్లు, ఫ్రిజ్, కర్టెన్లు అన్నీ హాల్లో గోడకున్న అరచేతంత తెల్లపెట్టె చెప్పినట్టు వింటాయి. ఆ పెట్టె ఇంట్లోవాళ్ళ ఫోన్లు చెప్పినట్టు వింటుంది. ఎవరు ఏ గదిలో ఏం చేస్తున్నారో అక్కడి సెన్సార్లు దానికి కబురు చేరవేస్తుంటాయి. "ఇది జరిగితే అది చెయ్యి" అని ఫోన్లో ఒక రూలు పెడితే చాలు, పెట్టె ఎందుకని అడక్కుండా చేసుకుపోతుంది. ఎవరు పెట్టిన రూల్సు వాళ్ళ ఫోన్లోనే కనిపిస్తాయి. అల్లుడు మూడే పెట్టాడు. మామగారు మధ్యాహ్నం కునుకు తీసిన పది నిమిషాలకు ఏసీ ఆగాలి. ఆ తర్వాత ఐదు నిమిషాలకు గదిలో పెద్దలైటు వెలగాలి. ఆయన స్నానానికి వెళ్ళిన నాలుగు నిమిషాలకు గీజర్ ఆగాలి. మూడూ మనిషికి చికాకు కలిగించేవే గాని, ప్రాణానికి ముప్పు తెచ్చేవి కావు. అల్లుడు తన సంస్కారానికి తానే మురిసిపోయి నోరు పుక్కిలించాడు.

మధ్యాహ్నం రెండున్నరకు గది తలుపు తెరుచుకుంది. మామగారు బనీను తడిసి ముద్దయి, ముఖం చేటంత చేసుకుని బయటికొచ్చారు.

"అల్లుడుగారూ! ఏసీ పోయింది!"

లాటరీ తగిలిన వాడు కూడా అంత సంబరంగా చెప్పడు.

"అయ్యయ్యో," అన్నాడు అల్లుడు, వారం రోజులుగా అద్దం ముందు సాధన చేసిన విచారంతో. "ఈ వేడిలో మీరెలా ఉంటారు మామయ్యగారూ? పాపం, మీ ఇంట్లో అయితే హాయిగా..."

"పైగా లైటు దానంతటదే వెలుగుతోంది! గీజర్ సంగతి కూడా అనుమానంగానే ఉంది. ఒకేసారి మూడు ఫాల్టులండీ! శనివారం పొద్దుటి రైలుకి టికెట్ తీసుకున్నాను గాని, ఇప్పుడే రద్దు చేసేశాను. చెడిపోయిన ఇంట్లో మిమ్మల్ని వదిలేసి నేనెలా వెళ్తాను?"

అల్లుడి నోట్లో వెలక్కాయ పడింది. "టికెట్... తీసుకున్నారా?"

"మొన్ననే. చెప్పలేదూ?"

మామగారు ఒక నోటుపుస్తకం తెచ్చి మొదటి పేజీలో 'ఫిర్యాదు నెం. 1' అని రాసి కింద గీత గీశారు. ఆ గీత చూస్తే అల్లుడికి తన సోమవారం మీద గీసినట్టే అనిపించింది.

ఆ సాయంత్రమే అల్లుడు బాత్రూంలో దూరి మూడు రూల్సూ తుడిచేశాడు. ఫాల్టులు పోతే పెద్దాయన కూడా పోతారు. రైళ్ళు రోజూ ఉంటాయి.

శుక్రవారం పొద్దున ఫ్రిజ్ తలుపు తీస్తే హాల్లో కర్టెన్లు మూసుకున్నాయి. కర్టెన్లు తెరిస్తే వంటింటి లైటు ఆరింది. లైటు వేస్తే ఫ్యాన్ అందుకుంది, అదీ వీధిలో వెళ్ళేవాళ్ళు తలెత్తి చూసే వేగంతో. అల్లుడు తలకి షాంపూ పట్టించి కళ్ళు మూసుకోగానే అతని గీజర్ ఆగింది. అతడు తువ్వాలు చుట్టుకుని, నురగతో, హాల్లోకి పరిగెత్తుకొచ్చి ఫోన్లో చూసుకున్నాడు. రూల్సు లేవు. ఒక్కటీ లేదు.

"ఏవండీ, ఇల్లంతా తడి చేస్తున్నారు," అంది భార్య.

"ఇల్లు నా మాట వినట్లేదు!"

"నేను వింటున్నానుగా, చాలదూ? ముందెళ్ళి తల కడుక్కోండి."

మామగారు స్టూలెక్కి తెల్లపెట్టెకి స్టెతస్కోపు పెట్టినంత శ్రద్ధగా చెవి ఆనించి ఉన్నారు. పెట్టెని ఆపి మళ్ళీ వేశారు. వైఫై ఆపి మళ్ళీ వేశారు. సెన్సార్ల బ్యాటరీలన్నీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టారు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క పేజీ రాశారు. మధ్యాహ్నానికి నోటుపుస్తకం అయిపోయి రెండోది కొనుక్కొచ్చారు. ఆయన వయసు పదేళ్ళు తగ్గినట్టుంది. ఆ పదేళ్ళూ అల్లుడి ఖాతాలో పడ్డాయి.

గతిలేక అల్లుడు అత్తగారికి ఫోన్ చేశాడు. "అత్తయ్యగారూ, మామయ్యగారు లేక ఇల్లు బోసిపోయి ఉంటుందేమోనని..."

"బోసి ఏమీ లేదు నాయనా," అంది అత్తగారు. "ఇరవై రోజులుగా మిక్సీ ఒక్క ముక్కగా ఉంది. రేడియో రేడియోలాగే పాడుతోంది. ఆయన్ని తొందరపెట్టకండి. ఏం? మీకేమైనా ఇబ్బందా?"

"అబ్బే! మాకేం ఇబ్బంది!"

"అదీ మాట. ఉండనివ్వండి," అని ఆవిడ అల్లుడు ఇంకో ముక్క అనేలోపు ఫోన్ పెట్టేసింది.

శనివారానికి భార్య సహనం కూడా ఫాల్టుకొచ్చింది. పెట్టె అమ్మిన కంపెనీకి ఆమె తానే ఫోన్ చేసి, భర్త వైపు తిరిగి, "పదింటికి టెక్నీషియన్ వస్తోంది. పెట్టెలో లాగ్ చూస్తుందట. ఏ రూలు ఎవరి ఫోన్లోంచి ఎప్పుడు పెట్టారో అంతా ఉంటుందట. తుడిచేసినవి కూడా," అంది.

అల్లుడి గుండె జారి అరికాలి దగ్గర ఆగింది. "ఎందుకు దండగ! నేను బాగుచేస్తాగా!"

"మీరా? బల్బు మార్చడానికి వీడియో చూసి, అయినా మార్చలేదు."

"నిజమేనమ్మా, బయటివాళ్ళెందుకు?" అన్నారు మామగారు కూడా, నోటుపుస్తకం గబుక్కున మూసేసి. "ఇంకో పది రోజులు టైమిస్తే..."

ఆయన తనని వెనకేసుకొస్తున్నందుకు అల్లుడికి కళ్ళు చెమర్చాయి. ఎందుకు వెనకేసుకొస్తున్నారో ఆలోచించే స్థితిలో అతను లేడు.

టెక్నీషియన్ పదింటికి సరిగ్గా వచ్చింది. నలభయ్యేళ్ళ మనిషి, భుజాన బరువైన సంచీ, రోజూ ఎనిమిది ఇళ్ళలో ఎనిమిది అబద్ధాలు వినే ముఖం. పెట్టెకి తన ట్యాబ్ తగిలించి అరనిమిషం చూసింది.

"పెట్టె నిక్షేపంలా ఉంది. రూల్సు పెట్టారు. మొత్తం పద్నాలుగు."

"పద్నాలుగా?" అని అల్లుడు నిజంగానే ఉలిక్కిపడ్డాడు.

"మూడు ఒక ఫోన్లోంచి. గురువారం పొద్దున ఏడూ నలభైకి పెట్టి, సాయంత్రం తుడిచేశారు. పదకొండు ఇంకో ఫోన్లోంచి. గురువారం సాయంత్రం మొదలుపెట్టి, ఇవాళ ఉదయం ఆరింటిదాకా పెడుతూనే ఉన్నారు."

అల్లుడు మెల్లగా మామగారి వైపు తిరిగాడు. మామగారు సీలింగ్ ఫ్యాన్‌ని దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నారు. వచ్చిన రోజునే కూతురు, లైట్లు వేసుకోడానికని, ఆయన ఫోన్లో కూడా ఆ యాప్ వేసిపెట్టింది.

"మీ మూడూ గురువారం నాలుగింటికే పట్టేశానండీ," అన్నారాయన పెదవులు కదలకుండా, అల్లుడికి మాత్రమే వినపడేలా. "పెట్టె పీకేస్తే ఏసీ బంగారంలా నడిచింది. అంటే ఎవరో రూలు పెట్టారు. ఇంట్లో ఉన్నదే ముగ్గురం. కానీ మరీ చిన్న ఫాల్టులు. అరగంట పని కూడా దొరకలేదు. అందుకని ఇంకో నాలుగు కలిపాను. తర్వాత చెయ్యి ఆగలేదు."

"ఎవరి ఫోన్లు?" అంది భార్య.

టెక్నీషియన్ చదివి వినిపించింది. ఫ్రిజ్ కూడా ఊపిరి బిగబట్టింది, బహుశా ఎనిమిదో రూలు ప్రకారం.

భార్య ముందు భర్త వైపు తిరిగింది. "మా నాన్న నిద్రపోతుంటే ఏసీ ఆపారా? ఎందుకూ?"

జవాబు మామగారు చెప్పారు. "నేనే పెట్టమన్నానమ్మా. చెయ్యి తుప్పు పడుతోంది, ఏదైనా చెడగొట్టి ఇవ్వండి అల్లుడుగారూ, బాగుచేస్తాను అన్నాను."

ఇంత ఉపకారానికి బదులు చెయ్యకపోతే మనిషి పుట్టుక పుట్టి లాభం లేదు. "ఆ పదకొండూ నేనే పెట్టించాను," అన్నాడు అల్లుడు, ఛాతీ విరుచుకుని. "మీరు ఖాళీగా కూర్చోకూడదు మామయ్యగారూ, మీ తెలివి వృథా పోకూడదు, ఎన్నాళ్ళైనా ఇక్కడే ఉండి ఈ పని చెయ్యండి అని నేనే ప్రోత్సహించాను."

భార్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆమె భర్త వైపు అంత ప్రేమగా చూడడం అదే మొదలు. అల్లుడు కూడా తన మాటకి తానే కాస్త కరిగాడు.

"ఒక్క నిమిషం," అంది టెక్నీషియన్, ట్యాబ్ నుంచి తలెత్తకుండా. "ఈ ఆరో రూలు... మా కర్టెన్లూ, మీ పాత గీజరూ వేరువేరు కంపెనీలవి. పెట్టె మాట రెండూ వింటాయి గాని, ఒకదాని మాట ఇంకోటి వినదు. మా ఆఫీసులో ఆరుగురు ఏడాదిగా ప్రయత్నిస్తున్నారు. దీన్ని ఎలా కలిపారు పెద్దాయనా?"

"మధ్యలో ఫ్రిజ్‌ని పెట్టానమ్మా," అన్నారు మామగారు సిగ్గుపడుతూ. "ఎక్స్ఛేంజిలో ఇద్దరికి పడకపోతే మూడోవాడి ద్వారా కబురు పంపేవాళ్ళం."

టెక్నీషియన్ ఫోన్ తీసి వరండాలోకి వెళ్ళింది. పావుగంట తర్వాత వేరే ముఖంతో తిరిగొచ్చింది. కంపెనీకి ఫోన్లో జనం గోడు విని ఫాల్టు చెప్పగలిగే మనిషి కావాలి. ఇంటినుంచే పని. ఒకటే షరతు: పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరుదాకా, చప్పుళ్ళు లేని, తలుపు పూర్తిగా పడే గది ఉండాలి. సోమవారం నుంచే మొదలు.

"మా ఊళ్ళో ఇంట్లో అయితే మీ అత్తయ్యగారు రేడియో ఆపరు..." అన్నారు మామగారు సందేహంగా.

"మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు నాన్నా," అంది కూతురు. "ఎన్నాళ్ళైనా ఇక్కడే ఉండి చెయ్యమని ఆయనే అన్నారుగా. ఏమండీ?"

ముగ్గురూ అల్లుడి వైపు చూశారు. అల్లుడు రెండుసార్లు నోరు తెరిచాడు. రెండోసారి తెరిచినప్పుడు "అవును" అని వచ్చింది.

అతని సోమవారం మీటింగు గురించి చెప్పుకోవాల్సిందేమీ లేదు. టీమ్ లీడర్ ఇంకొకరయ్యారు. మంగళవారం కొరియర్‌లో మామగారి విజిటింగ్ కార్డులు వచ్చాయి. 'సీనియర్ సలహాదారు' అన్న అక్షరాల కింద ఆ ఇంటి చిరునామా అందంగా అచ్చయి ఉంది.

మొత్తం రెండు వేల కార్డులు. అయిపోగానే ఇంకో రెండు వేలు పంపుతామని లోపల చీటీ కూడా పెట్టారు.