చిల్లు లేని కారవాన్

కొత్త వస్తువుకి చిల్లు ఉండకూడదు. మానవజాతి మొత్తం ఏకగ్రీవంగా ఒప్పుకున్న సిద్ధాంతం బహుశా ఇదొక్కటే. గిన్నెకైనా, బూటుకైనా, గొడుగుకైనా ఇదే చట్టం. (జల్లెడ విషయంలో కొంత అభ్యంతరం వచ్చింది. దానిమీద కమిటీ వేశారు.)

కారవాన్లు, అంటే చక్రాలమీద తిరిగే ఇళ్ళు, తయారుచేసే ఒక కంపెనీలో ఈ సిద్ధాంతానికి ఎదురుతిరిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను గ్యాస్ ఫిట్టరు.

పద్దెనిమిదేళ్ళుగా అతని పని ఒకటే. కొత్త బండి యార్డు గేటు దాటేముందు, అందులోని గ్యాస్ పైపుల ప్రతి అతుకుకీ సబ్బు నురుగు పూస్తాడు. ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని రెప్ప వెయ్యకుండా చూస్తాడు. తర్వాత సిలిండర్ పెట్టే అర తలుపు తీసి, మోకాళ్ళమీద కూర్చుని, దాని అడుగున ఉన్న గుండ్రటి చిల్లులో రెండు వేళ్ళు పెడతాడు. వేళ్ళకి బయటి గాలి తగిలితే సంతకం పెడతాడు. తగలకపోతే బండి కదలదు.

వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పొగలా పైకి పోదు. నీళ్ళలా కిందికి దిగి, నేలంతా పరుచుకుని, ఎవరైనా అగ్గిపుల్ల గీసేదాకా ఓపిగ్గా ఎదురుచూస్తుంది. ఇల్లయితే ఉన్నచోట ఉంటుంది. కారవాన్ గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది, అతుకులు వదులవుతాయి. అలా కారిన గ్యాస్ ఎవరినీ అడక్కుండా రోడ్డుమీదికి జారిపోవడానికే ఆ చిల్లు.

ఇదంతా భౌతికశాస్త్రం. కంపెనీలో దానికి విభాగం లేదు.

గొడవ ఒక ఆదివారం మధ్యాహ్నం, ఫిట్టరు అక్కగారింట్లో మొదలైంది. వాళ్ళాయన కొత్త కారవాన్ కొన్నాడు. ఏ వస్తువు కొన్నా ముందు అందులో లోపం వెతికి, అది దొరికాకే వాడటం మొదలుపెట్టే రకం ఆ బావ. ఫ్రిజ్ తలుపు మూశాక లోపల లైటు నిజంగా ఆరిపోతుందని తయారీదారులు రాతపూర్వకంగా ఇచ్చేదాకా అందులో పాలు కూడా పెట్టనివ్వలేదు. ఇప్పుడు శుక్రవారం పొద్దున పెళ్ళాన్నీ, ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని మూడు వారాల ప్రయాణానికి బయల్దేరబోతున్నాడు.

"రా బామ్మర్దీ, రా! మీ కంపెనీ పరువు నేనే కాపాడాను," అన్నాడు బావ గుమ్మంలోనే.

"ఏం చేశావు బావా?"

"సిలిండర్ అరకి అడుగున ఇంత చిల్లు! కొత్త బండికి! నువ్వేమో నేనే పరీక్షించాను, నేనే సంతకం పెట్టానని ఊరంతా చెప్పుకుంటావు. కళ్ళెక్కడ పెట్టుకున్నావయ్యా?"

"దానికి చిల్లు ఉండాలి బావా."

"ఉండాలా! నీ చొక్కాక్కూడా ఉండాలేం?"

"వాడి చొక్కాకి ఉందిలెండి, చంక కింద," అంది అక్క లోపల్నుంచి.

బావ కంపెనీ యాప్‌లో ఫిర్యాదు పెట్టాడు. అందులో లోపాలు నాలుగే రకాలు: గీత, సొట్ట, శబ్దం, చిల్లు. (మనిషికి ఇంతకుమించి కష్టాలు ఉండవని యాప్ తయారుచేసినవాళ్ళ నమ్మకం.) బావ చిల్లు నొక్కాడు. కుళాయి మార్చమంటే పదకొండు వారాలు తీసుకునే కంపెనీ, నలభై నిమిషాల్లో ఇద్దరు యూనిఫారం మనుషుల్ని పంపింది. చిల్లుకి రబ్బరు బిరడా కొట్టారు. చుట్టూ లప్పం పెట్టారు. పైన రంగు వేశారు. దానిమీద స్టిక్కర్ అంటించారు: 'లోపం సవరించబడినది. కదిలించినచో వారంటీ రద్దు.' బావ బొటనవేలు పైకెత్తి నవ్వుతుంటే ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు.

ఫిట్టరు జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. బావ అర తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"స్టిక్కర్ ముట్టుకున్నావంటే బావమరిదివని కూడా చూడను. పదేళ్ళ వారంటీ!"

"అది కాదురా తమ్ముడూ," అంది అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నిన్న స్టవ్ కింద గోడకున్న తెల్ల డబ్బా ఒకటే కీచుకీచుమని అరుపు. తల పగిలిపోయిందనుకో."

ఫిట్టరు బండివైపు తిరిగాడు. "ఇప్పుడు అరవట్లేదా?"

"లేదు. మీ బావ దానిమీద కూడా ఫిర్యాదు పెట్టారు. శబ్దం అని. పావుగంటలో వచ్చి ఊడబీక్కుపోయారు."

"యాప్‌లో ఐదు చుక్కలు ఇచ్చాను," అన్నాడు బావ. "మంచి పని చేస్తే మెచ్చుకోవాలి."

ఊడబీక్కుపోయింది గ్యాస్ లీకైతే అరిచే అలారం.

ఫిట్టరు ఒక్క గెంతులో బండెక్కి సిలిండర్ కట్టేశాడు. తలుపులన్నీ బార్లా తెరిచాడు. గాలి ఆడాక మళ్ళీ సిలిండర్ తిప్పి, గిన్నెలో సబ్బు కలిపి అతుకులన్నిటికీ పూశాడు. స్టవ్ వెనక మూడో అతుకు దగ్గర చిన్న బుడగ లేచింది. పగిలింది. మళ్ళీ లేచింది. అతను స్పానరుతో బిగించాడు. బుడగ ఆగింది. అప్పటికప్పుడు బజారుకి వెళ్ళి కొత్త అలారం తెచ్చి గోడకి బిగించాడు. అలారం బజార్లో దొరుకుతుంది. చిల్లు దొరకదు.

"బిగించావుగా, ఇంక చిల్లెందుకు?" అన్నాడు బావ.

"ఇవాళ బిగించాను. శుక్రవారం గతుకుల్లో సిలిండర్ దగ్గర అతుకు వదులైతే? అరలో రెగ్యులేటరే కారితే? లోపల పిల్లలు పడుకుంటారు బావా."

బావ ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత వారంటీ గుర్తొచ్చింది. "అయితే కంపెనీ కాగితం పట్టుకురా. కాగితం ఉంటే చిల్లేం ఖర్మ, సొరంగం తవ్వుకో."

చేతిలో నాలుగు రోజులున్నాయి.

సోమవారం ఫిట్టరు స్టోర్సుకి వెళ్ళాడు. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని పుస్తకం తెరిచాడు.

"ఏం కావాలి?"

"చిల్లు."

"పార్టు నంబరు?"

"చిల్లుకి నంబరేంటండీ?"

"నంబరు లేనిది స్టాకులో ఉండదు. స్టాకులో లేనిది నేనివ్వలేను. పోనీ, పాతది తెచ్చావా? వాపసు ఇస్తే బదులు చూద్దాం."

"పాతదాన్ని మూసేశారు."

"మూసేస్తే స్టోర్సుకి జమ కావాలిగా? కాలేదే!" గుమాస్తా పుస్తకం వెనక్కి తిప్పాడు. ఇంకా వెనక్కి తిప్పాడు. మొహం పాలిపోయింది. గొంతు తగ్గించాడు. "పద్దెనిమిదేళ్ళుగా బండికొక చిల్లు చొప్పున స్టోర్సుకి తెలీకుండా గేటు దాటించావన్నమాట. చూడు, నేనేం వినలేదు. నువ్వేం చెప్పలేదు. వెళ్ళు."

మంగళవారం డిజైను విభాగం. డ్రాయింగులో చిల్లు ఉంది. కానీ చుక్కల గీతతో ఉంది. చుక్కల గీతంటే పైనుంచి చూస్తే కనపడనిదని అర్థం. కనపడనిదాన్ని ఉన్నదని ధ్రువీకరించే అధికారం తమకి లేదని అక్కడివాళ్ళు ఎంతో మర్యాదగా చెప్పి, కుర్చీ కూడా వేశారు.

బుధవారం లోపనిర్మూలనాధికారిణి పిలిచింది. గదిలో గోడకి పెద్ద బోర్డు. దానిమీద ఎర్ర గీత నిట్టనిలువుగా కిందికి పడిపోతోంది. లోపాలు తగ్గుతున్నాయని దానర్థం.

"మీ బావగారి ఫిర్యాదు మాకు కనువిప్పండీ," అందామె. "అదొక్క బండేనేమో అనుకున్నాం. యార్డంతా చూస్తే ప్రతి బండికీ అదే చిల్లు! అదే చోట! అదే సైజు! ఇంత క్రమశిక్షణ ఉన్న లోపాన్ని నా ఉద్యోగంలో చూడలేదు."

"అది లోపం కాదు మేడం."

"అందుకే చిల్లు రహిత మాసం ప్రకటించాం. రోజుకి నలభై బండ్లు మూసేస్తున్నాం."

ఫిట్టరు గ్యాస్ బరువు గురించి, నేల గురించి, అగ్గిపుల్ల గురించి చెప్పాడు. ఆమె శ్రద్ధగా రాసుకుంది.

"గ్యాస్ కిందికే పోతుందన్నది మీ అభిప్రాయమా, కంపెనీ అభిప్రాయమా?"

"గ్యాస్ అభిప్రాయమండీ."

"చిల్లు లేకపోవడం వల్ల ఇప్పటిదాకా ఎన్ని ప్రమాదాలు జరిగాయి?"

"ఒక్కటీ లేదు. ఎందుకంటే ఇన్నాళ్ళూ చిల్లు ఉంది."

"ఒక్కటీ లేదు," అని ఆమె రాసి, కింద గీత గీసింది. తర్వాత జాలిపడింది. మనిషి చెడ్డది కాదు. "మీ బాధ నాకర్థమైంది. ప్రమాదం జరిగితే ఫారం తొమ్మిది ఇవ్వండి. నేనే స్వయంగా చూస్తాను. నాలుగు కాపీలు, బాధితుడి సంతకంతో."

"బాధితుడు సంతకం పెట్టే స్థితిలో లేకపోతేనో?"

"వేలిముద్ర చాలు," అందామె. (నిబంధనల్లో మానవత్వం లేదనేవాళ్ళు ఈ సవరణ చదవలేదు.)

గురువారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, పిల్లలు అప్పుడే దిళ్ళూ దుప్పట్లూ బండిలో సర్దేశారు. మీ బావ మాట పక్కన పెట్టు. నువ్వు చెప్పు. ఎక్కమంటావా, వద్దంటావా?"

ఫిట్టరు పద్దెనిమిదేళ్ళలో వేల బండ్లకి సంతకం పెట్టాడు. వాటిలో ఎవరు పడుకుంటారో ఎప్పుడూ తెలీదు. ఈసారి తెలుసు. పెద్దది గోడవైపు, చిన్నవాడు అంచున.

"నేను వచ్చేదాకా స్టవ్ ముట్టుకోకు. రేపు పొద్దున ఏడింటికల్లా వస్తా."

ఫోన్ పెట్టేసి స్టోర్సు వరండాలో కూలబడ్డాడు. ఎదురుగా బీరువాలో స్నానాల గది గోడలకి బిగించే ప్లాస్టిక్ జాలీలు వరసగా ఉన్నాయి. గుండ్రటివి, నల్లటివి. ఒక్కోదానికీ ఒక చీటీ. చీటీ మీద నంబరు.

అతను లేచి నిలబడ్డాడు.

జాలీ అంటే ఏమిటి? చిల్లు చుట్టూ ఉండే ప్లాస్టిక్. చిల్లుకి నంబరు లేదు. ప్లాస్టిక్‌కి ఉంది.

గుమాస్తా రెండు నిమిషాల్లో ఇచ్చేశాడు. అట్టపెట్టెలో జాలీతోపాటు కంపెనీ ముద్ర ఉన్న కాగితం మడతపెట్టి ఉంది: 'అదనపు సౌకర్యము. కొనుగోలుదారు కోరిన చోట, జాలీ కొలతకు సరిపడా కోసి బిగించవలెను. వారంటీకి భంగము లేదు.'

ఇక మిగిలింది బావ కోరడం.

శుక్రవారం పొద్దున ఆరున్నరకి ఫిట్టరు అక్కగారింటి ముందు దిగాడు. బావ అద్దాలు తుడుస్తున్నాడు.

"కాగితం దొరికిందా?"

"లేదు బావా. నీ మాటే నిజం. చిల్లు ఉండకూడదు." అట్టపెట్టె చంకలోకి జరుపుకున్నాడు. "నేను వచ్చింది వేరే పనిమీద. ఇది పక్క వీధిలో ఇంకో పార్టీకి ఇవ్వాలి."

"ఏంటది?"

"నీకెందుకులే. అదనపు సౌకర్యం. మామూలు బండ్లకి రాదు."

బావ తుడవడం ఆపాడు. "నా బండి మామూలుదా?"

"అని కాదు..."

"ఈ వీధిలో ఇంకెవరికైనా ఉందా ఇది?"

"ఎవరికీ లేదు."

"బ్రౌను రంగులో వస్తుందా?"

"నలుపే బావా. సిలిండర్ అరలో అడుగున పెడితే హుందాగా ఉంటుంది. వారంటీకి భంగం లేదని కంపెనీయే రాసింది. కాకపోతే నువ్వు కోరినట్టు సంతకం పెట్టాలి."

"కలం ఇటు తే!"

కోత మిషన్ గిర్రున తిరిగింది. స్టిక్కర్, రంగు, లప్పం, బిరడా అన్నీ ఒక్క ముక్కగా కింద రోడ్డుమీద పడ్డాయి. ఫిట్టరు రెండు వేళ్ళు పెట్టి చూశాడు. చల్లటి గాలి తగిలింది. జాలీ బిగించాడు. మళ్ళీ అతుకులన్నీ నురుగు పూసి చూశాడు. అలారం మీట నొక్కాడు. అది కమ్మగా కీచుమంది.

బావ మోకాళ్ళమీద కూర్చుని జాలీలోంచి కిందికి చూశాడు. "రోడ్డు కనిపిస్తోందే! ఇదీ పనితనమంటే. నీ బోడి చిల్లులో ఇంత అందం ఎక్కడేడ్చింది?"

"నాకంత తెలివి ఎక్కడిది బావా," అన్నాడు ఫిట్టరు.

అక్క బండి ఎక్కుతూ తమ్ముడి చెయ్యి గట్టిగా నొక్కింది. బండి మలుపు తిరిగేదాకా అతను చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

మొదటి మజిలీ నుంచే బావ యాప్‌లో జాలీని పొగుడుతూ అరపేజీ రాశాడు. కంపెనీ చరిత్రలో వచ్చిన మొదటి పొగడ్త అది. (పొగడ్తకి గడి లేనందువల్ల దాన్ని సొట్ట కింద నమోదు చేశారు.) లోపనిర్మూలనాధికారిణి ఫిట్టరుని పిలిచి, లేచి నిలబడి మరీ అభినందించింది. ఇకమీదట ప్రతి కొత్త బండికీ సిలిండర్ అరలో జాలీ తప్పనిసరి చేస్తున్నామని చెప్పింది. ఇప్పటికే చిల్లు మూసేసినవాటిక్కూడా.

ఫిట్టరు ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. జాలీల పెట్టెలు వచ్చాయి. వాటితోపాటు గమ్ము ట్యూబులు కూడా వచ్చాయి. ఫిట్టరు ఉత్తర్వు రెండోసారి చదివి ఫోన్ అందుకున్నాడు.

"మేడం, చిల్లు కొయ్యకుండా జాలీని నేలమీద అంటించమని రాశారు."

"అవునండీ. చిల్లు రహిత మాసం ఇంకా నడుస్తోంది కదా."

"మరి అంటిస్తే గ్యాస్ ఎటు పోతుందండీ?"

"జాలీ ఉందిగా!" అందామె ఆశ్చర్యంగా.

అలాంటి బండ్లకి సంతకం పెట్టనని అతను రాసిచ్చాడు. అతని అభ్యంతరాన్ని కంపెనీ గౌరవించింది. ఫారంలోంచి సంతకం గడి తీసేసి, ఆ చోట జాలీ బొమ్మ అచ్చు వేయించింది.

కొత్త బండ్లన్నీ ఇప్పుడు చూడటానికి చాలా భద్రంగా ఉన్నాయి.