మూడిళ్ల ఫ్రిజ్

ఆ రోజు ఉదయం మెకానిక్ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. ఎనిమిదింటికి ముందుగది కడగడం, తొమ్మిదింటికి పెద్ద ఫ్రిజ్‌ను ఇల్లు దాటించడం, పన్నెండింటికి తనిఖీ గుమాస్తా వచ్చేసరికి కడిగిన గదిలో చేతులు కట్టుకోకుండా నిలబడటం. మూడోదే ముఖ్యమని భార్యకు రెండుసార్లు చెప్పాడు.

గుమాస్తా రావడానికి కారణం పెద్దమ్మాయి. డిగ్రీలో చేరి మూడు నెలలైంది. ఇంటి పరిస్థితి చూసి కాలేజీ పిల్లలకు సర్కారు ఇచ్చే సాయానికి దరఖాస్తు పెట్టింది. అది వస్తే చదువు, రాకపోతే బట్టల కొట్టులో రోజంతా నిలబడే ఉద్యోగం. మధ్యలో ఇంకో దారి ఆ ఇంట్లో ఎవరికీ కనబడలేదు. గుమాస్తా వచ్చి, ఇంట్లో ఏమేమున్నాయో కళ్లారా చూసి, వీళ్లు లేనివాళ్లేనని రాసుకుపోవాలి. లేనితనం కూడా ఎవరో ఒకరు ముద్ర వేస్తే గానీ చెల్లదు.

చిక్కల్లా ఆయన చేసే పనితోనే వచ్చింది. ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. కొట్టు అద్దె కట్టలేక ముందుగదినే కొట్టు చేసుకున్నాడు. అందులో ఎప్పుడూ ఎవరెవరివో ఫ్రిజ్‌లు ఉంటాయి, తనది ఒక్కటీ ఉండదు. ఆ వారం చిన్నవి రెండు పొట్టలు విప్పుకుని పడున్నాయి, వాటిని చూసి ఎవరూ అసూయపడరు. మూడోది మాత్రం రెండు తలుపులది, మనిషి కన్నా ఎత్తు, వెండిరంగు. కంప్రెసర్ తీసేశాక వెనకంతా బోలే గానీ, ముందునుంచి చూస్తే పెళ్లికొడుకులా ఉంది.

"కస్టమర్‌దని ఉన్నమాట చెప్తే సరిపోతుంది కదా నాన్నా," అంది పెద్దమ్మాయి.

"ఉన్నమాట చెప్పే ఏడో తరగతిలో బడి మానేశాను. నువ్వు ఆ తలుపు పట్టుకో."

అప్పట్లో ఆయనకు ఫీజు మాఫీ కావలసి వచ్చింది. మీ ఇంట్లో రేడియో ఉందా అని అడిగితే ఉందన్నాడు. అది పలకదని చెప్పేలోపే మాస్టారు గడి నింపేశారు. పలకని ఆ రేడియోను విప్పి చూసుకుంటూనే ఆయన మెకానిక్ అయ్యాడు.

ఫ్రిజ్‌ను చక్రాల బల్ల మీదకెక్కించి, వెనక సందులోంచి పక్కింటి దర్జీ అక్క వంటగదిలోకి తోశాడు. గది కడుగుతున్నానని, మధ్యాహ్నం దాకా ఉంచుకోమని చెప్పాడు. అసలు సంగతి చెప్పలేదు. ఆ వీధిలో జ్వరం వస్తే చెప్పుకుంటారు, అల్లుడు తాగొచ్చి తిడితే చెప్పుకుంటారు, మాకు లేదు బాబూ అని సర్కారుకు కాగితం పెట్టుకున్న సంగతి మాత్రం పక్కింటి గోడకు కూడా తెలియనివ్వరు. కాబట్టి దర్జీ అక్క కూడా కొడుకు కోసం కాగితం పెట్టిందని మెకానిక్‌కు తెలియదు. అవతలింటి లారీ డ్రైవర్ కూతురి కోసం పెట్టాడని దర్జీ అక్కకు తెలియదు.

ఆమె వద్దనలేకపోయింది. వద్దంటే ఎందుకని అడుగుతాడు. అతను ఇటు తిరగగానే చక్రాల బల్లను అటు తోసింది. వంటగదికి సున్నం వేయిస్తున్నానని డ్రైవర్ భార్యతో చెప్పింది. డ్రైవర్ భార్య పళ్లు బిగించి, అయ్యో దానికేముంది వదినా అంది.

ఫ్రిజ్ వచ్చి పావుగంటైనా కాలేదు, పన్నెండింటికి రావలసిన గుమాస్తా పదిన్నరకే వచ్చాడు. అదీ వీధి ఆ చివరనుంచి, డ్రైవర్ ఇంటికి.

ఇది మాది కాదు, దర్జీ అక్కదని డ్రైవర్ నెత్తీ నోరూ బాదుకున్నాడు. పొద్దున్నుంచి పది ఇళ్లలో ఇదే మాట విన్నానని, ఎవరింట్లో ఉంటే అది వాళ్లదేనని గుమాస్తా చెప్పాడు. ఫ్రిజ్ తలుపు తెరిచి, లోపల అతికించిన నంబరుకు ట్యాబ్‌లో ఫొటో తీసుకున్నాడు. ముందుగదిలో కూర్చుని మిగతా గడులు నింపుతుండగా, వెనకనుంచి డ్రైవర్ భార్య ఎవరి సొమ్ము వాళ్లకే చేర్చేసింది.

దర్జీ అక్కకు ఆలోచించే సమయం లేదు. చేతికందిన కర్టెన్ గుడ్డ కప్పింది. కప్పిన వస్తువు ఏదైనా విప్పి చూడటమే గుమాస్తా ఉద్యోగం. విప్పాడు.

"ఈ వీధిలో అందరికీ ఒకటే మోజు," అంటూ మళ్లీ ఫొటో తీశాడు. కుట్టుమిషన్ బతుకుతెరువు కింద పోతుందని దాన్ని మాత్రం దయతలిచి వదిలేశాడు.

మెకానిక్ ఇంటి ముందుగుమ్మం గుమాస్తా ఎక్కాడు. అదే నిమిషంలో వెనక గుమ్మంలోంచి ఫ్రిజ్ లోపలికొచ్చింది. దాన్ని తోస్తూ దర్జీ అక్క, ఆమెకు సాయంగా డ్రైవర్ భార్య, ఇద్దరినీ తిడుతూ డ్రైవర్. కడిగిన గది మధ్యలో అది వచ్చి ఆగింది. మెకానిక్ చేతులు కట్టుకోకుండానే నిలబడ్డాడు గానీ, నిలబడ్డానన్న స్పృహ లేదు.

గుమాస్తా మూడో ఫొటో తీశాడు. మూడిళ్ల కాగితాలూ కలిపి పంపే మీట నొక్కాడు. ట్యాబ్ ఎర్రగా మారింది. ఒకే నంబరు ఫ్రిజ్ మూడిళ్లలో ఉందట, సరిదిద్దేదాకా ఏదీ ముందుకు కదలదట. ఆ వార్డు కాగితాలన్నీ సాయంత్రం ఐదింటికల్లా చేరాలి. చేరకపోతే గుమాస్తాకు మెమో. రాసింది చెరపాలంటే ఆ ఇంటివాళ్లు సంతకం పెట్టాలి.

అతను పైవాళ్లకు ఫోన్ చేశాడు. పైవాళ్లు భోజనానికి వెళ్లారు. భోజనమయ్యాక మీటింగుకు వెళ్లారు. ఈలోగా దాచిందంతా బయటపడింది.

"నువ్వూ పెట్టావా తమ్ముడూ?" అంది దర్జీ అక్క నెమ్మదిగా.

"పెట్టానక్కా."

డ్రైవర్ పైకప్పు చూస్తూ, నేను నిరుడు కూడా పెట్టానన్నాడు.

నాలుగింటికి గుమాస్తాకు ఒక ఉపాయం తట్టింది. "ఎవరో ఒకరు నాదని ఒప్పుకోండి. మిగతా ఇద్దరికీ లేదని రాసేస్తా. ఇద్దరు పిల్లలన్నా బాగుపడతారు."

గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. గొడవ మొదలైంది తన గుమ్మంలోనే కాబట్టి ఒప్పుకోవలసింది తనేనని మెకానిక్‌కు తెలుసు. నోరు తెరిచాడు. అంతలో పెద్దమ్మాయి ముందుకొచ్చింది.

"ఆ మూడో పిల్ల సంగతి ఏ గడిలో రాస్తారు సార్?"

"దానికి గడి లేదమ్మా."

మెకానిక్ తెరిచిన నోరు మూశాడు. స్టూలు లాక్కుని, గుమాస్తా మోకాళ్లకు ఎదురుగా కూర్చున్నాడు. "మూడిళ్లలోనూ లేదని రాస్తేనే సంతకాలు. లేకపోతే ఒక్కటీ పెట్టం."

"మూడూ పోతాయి, ఆలోచించుకోండి."

"పోనీయండి. పోగొట్టుకోవడం మాకు అలవాటే. మెమో మీకు కొత్తేమో."

దర్జీ అక్క వచ్చి మెకానిక్ పక్కన నేల మీద కూర్చుంది. డ్రైవర్ దంపతులు గుమ్మానికడ్డంగా కూర్చున్నారు. కళ్లారా చూసింది ఎలా లేదనమంటారని గుమాస్తా గొణిగాడు. మెకానిక్ లేచి ఫ్రిజ్ ప్లగ్గు తీసి అతని చేతిలో పెట్టాడు, పక్కనే గ్లాసుతో నీళ్లు పెట్టాడు. చల్లబెట్టుకుని తాగండి, చల్లబడితే ముగ్గురం మాదేనని రాసిస్తాం అన్నాడు. గుమాస్తా ప్లగ్గు పెట్టాడు. చెవి ఆనించాడు. వెనక్కి వెళ్లి వంగి చూస్తే బోలులోంచి అవతలి గోడ కనిపించింది. వచ్చి ఆ నీళ్లు అలాగే తాగేశాడు.

నాలుగూ నలభైకి మూడు "లేదు"లు, మూడు సంతకాలు పడ్డాయి. ట్యాబ్ పచ్చగా మారింది.

పై బుధవారం జాబితా వచ్చింది. మూడు పేర్లూ ఉన్నాయి. పెద్దమ్మాయి నాన్నకు రెండుసార్లు చదివి వినిపించి, పుస్తకాల సంచీ తగిలించుకుని కాలేజీకి పోయింది. మెకానిక్ ఆ ఊపులోనే కొత్త కంప్రెసర్ బిగించి, ఫ్రిజ్ ఆసామికి ఫోన్ చేశాడు. ఆసామికి వేరే వార్డులో రెండంతస్తుల ఇల్లుంది.

"అప్పుడే తేకయ్యా," అన్నాడు ఆసామి గొంతు తగ్గించి. "శుక్రవారం దాకా నీ దగ్గరే ఉండనీ. మావాడి కాలేజీ డబ్బుల గురించి ఇంటికి ఎవరో తనిఖీకి వస్తున్నారు."

"ఎన్నింటికండీ?"

"పదకొండింటికట."

చెప్పిన రోజుకు సరుకు అప్పజెప్పిన పాపాన ఎన్నడూ పోని మెకానిక్, శుక్రవారం పదకొండింటికి డ్రైవర్‌ను, దర్జీ అక్కను వెంటేసుకుని ఆ హాల్లోకి ఫ్రిజ్ తోసుకొచ్చాడు. ఈ వార్డు తనిఖీకీ పాత గుమాస్తాయే వచ్చాడు, సోఫాలో కూర్చుని ట్యాబ్ తెరుస్తున్నాడు. ఆసామి లేచి నిలబడ్డాడు. మెకానిక్ ప్లగ్గు పెట్టాడు. ఫ్రిజ్ గుర్రుమంది.

చల్లబడుతోందో లేదో చూసి సాక్షి సంతకం పెట్టమని, ఆసామి పేరున రాసిన రసీదు గుమాస్తా చేతికిచ్చాడు.