బొమ్మకు దక్కిన శ్రీమతి

డన్‌లీ మిల్లు పెద్దలారా! మీరు దొంగలు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, ఒక ఆడమనిషిని పిండిపెట్టె మీంచి ఎత్తుకుపోయారు.

అందుకు మీకు నా వందనాలు.

వెటకారం అనుకునేరు, ఒట్టు, కాదు. మొక్కజొన్న రొట్టె పిండి పెట్టె మీద తలగుడ్డ కట్టుకుని, ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే ఆంటీ జిల్ఫాను మీరు తీసేసిన మర్నాటి నుంచి మా నల్లవాళ్ళ కష్టాలు తీరిపోయాయి. పోలీసులు మా కారు ఆపి, పిల్లలెలా చదువుతున్నారని కుశలం అడిగి పంపేస్తున్నారు. మూతబడ్డ మా పేట ఆస్పత్రి తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. నది పొంగితే మునిగే మా వీధులు, ఆ నవ్వు పోయిందని తెలిసి, సిగ్గుపడి జానెడు పైకి లేచాయి! ఒక్క బొమ్మ చెరిపితే ఇంత జరుగుతుందని తెలిస్తే మా తాతలు కాళ్ళు పుండ్లు పడేలా ఊరేగింపులు నడిచేవాళ్ళా? తలా ఒక రబ్బరు ముక్క కొనుక్కుని ఇంట్లో కూర్చునేవాళ్ళు.

పైగా ఆమె ఒక్కతేనా? ఆ ఏడాది షాపుల్లో ఎంతమంది మా నల్ల ముసలివాళ్ళు ఒక్కసారిగా రిటైరయ్యారు! బియ్యం పెట్టె మీది తాత, పాకం సీసా మీది అవ్వ, గంజి డబ్బా మీది టోపీ వంటాయన. చచ్చిన తర్వాత కూడా సెలవన్నది లేకుండా చాకిరీ చేసినవాళ్ళు. వీడ్కోలు భోజనం లేదు, చేతిగడియారం లేదు. పొద్దున వెళ్ళి చూస్తే అరలో లేరు. అయినా ఎవరైనా నోరెత్తారా? అదీ మావాళ్ళ పెంపకం!

ఆంటీ జిల్ఫా చోట ఇప్పుడొక సూర్యుడు. పొలం మీద పొడుస్తున్నాడో కుంగుతున్నాడో తెలియని పచ్చటి సూర్యుడు. ఎంత ముందుచూపు! సూర్యుడికి మనవరాళ్ళు ఉండరు. చర్చి వంటగదిలో గరిటె పట్టుకుని నిలబడి, 'మా నాయనమ్మ ఏదీ?' అని సూర్యుడి తరఫున ఎవరూ అడగరు.

ఆంటీ జిల్ఫా తరఫున వర్నెల్ అడుగుతుంది. అదీ చిక్కు.

వర్నెల్ మా టర్నర్స్ బెండ్‌లో స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆర్కన్సా రాష్ట్రం మొత్తంలో ఆవిడ అద్దంలోంచి వెనక్కి ఒక చూపు చూస్తే నోరు మూసుకోని పిల్లాడు లేడు. ఇప్పుడు మౌంట్ నీబో చర్చి వంటగది ఆవిడ రాజ్యం. పెట్టె మీది బొమ్మకు ముఖం ఇచ్చింది ఆవిడ నాయనమ్మే. సంతల్లో, కొత్త షాపులు తెరిచినప్పుడు, మిల్లువాళ్ళు ఆమెకు తలగుడ్డ కట్టి పొయ్యి పక్కన నిలబెట్టేవాళ్ళు. ఆదివారం బడిలో వాక్యం తప్పు చదివితే చెవి మెలిపెట్టే మనిషి చేత 'నానొచ్చేసినా దొరలూ, ఏడేడి రొట్టె తినండి' అని వంకర పలుకులు పలికించారు. అదే షాపులో కూర్చుని తినడానికి ఆమెకు బల్ల లేదు. లారీ వెనక ఎక్కి ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టె తినేది.

ఇంటి రొట్టెలో చక్కెర ఉండదు. మిల్లు పిండిలో ఉంటుంది. మా వైపు మొక్కజొన్న రొట్టెలో చక్కెర కలిపినవాడికి పిల్లనివ్వడానికి కూడా ఆలోచిస్తారు. అంటే లోకమంతా లొట్టలేసుకుంటూ ఆమె చేతివంట అని తిన్నది, ఆమె నోట పెట్టడానికి ఒప్పుకోని కేకు!

'ఆంటీ అంటే ఎంత ఆప్యాయమైన పిలుపు! దానికింత రాద్ధాంతమా?' అని మీరడగొచ్చు. ఆప్యాయతే, కాదనను. 'గారు' అనకుండా తప్పించుకోవడానికి కనిపెట్టిన ఆప్యాయత. మా ఊళ్ళో తెల్లవాళ్ళు నల్ల ఆడమనిషిని వయసులో ఉండగా వట్టి పేరు పెట్టి పిలిచేవాళ్ళు, జుట్టు నెరిశాక ఆంటీ అనేవాళ్ళు. మధ్యలో 'శ్రీమతి' అనే స్టేషన్లో ఆ బండి ఎన్నడూ ఆగలేదు.

దానికి మా ఆడవాళ్ళు ఒక విరుగుడు పట్టుకున్నారు. అసలు పేరే బయటికి చెప్పేవాళ్ళు కాదు. గుమ్మం మీద, చర్చి బెంచీ మీద, అన్నిచోట్లా పొడి అక్షరాలే. వర్నెల్ నాయనమ్మ ఓ. ఎల్. మేబ్రీ. 'ఓ అంటే ఏమిటి?' అని తెల్లాయన ఎవరైనా అడిగితే, 'ఓ అంటే ఓనేనండి' అనేదట. పేరు తెలియకపోతే పేరు పెట్టి పిలవలేడు కదా! ఇక ఆయన శ్రీమతి మేబ్రీ అనాలి, లేకపోతే దగ్గి ఊరుకోవాలి.

మిల్లు పెద్దదొర దగ్గలేదు. జిల్ఫా అని తనే ఒక పేరు తగిలించాడు. అది ఆయన కంచరగాడిద పేరని మా పేటలో చెప్పుకుంటారు. కాదు, బైబిల్లోదని మిల్లు అంటుంది. కంచరగాడిదకు బైబిల్లోంచే పెట్టాడేమో!

సరే, బొమ్మ పోయింది. మా పేటలో సంబరాలు జరగాలి కదా? జరిగింది తగువు. వర్నెల్‌కీ, ఆవిడ చిన్నాన్న కొడుకు లుట్రెల్‌కీ వంటగదిలోనే పడింది. లుట్రెల్ ట్రాక్టర్లు బాగుచేస్తాడు. వాడి షెడ్డు నిండా పాత ఆంటీ జిల్ఫా డబ్బాలు. ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ వరదలో పోయాయి, నాయనమ్మ ముఖమంటూ మిగిలింది ఆ రేకు మీదే. పొద్దున్నే కాఫీ పోసుకుని దానికి ఊరి కబుర్లు చెబుతాడు. ఇకమీదట ఎవరికి చెప్పాలి, సూర్యుడికా అని వాడి ఏడుపు. ముఖం నాయనమ్మదే కానీ ఆ నవ్వు మిల్లుదని, పీడ పోయిందని వర్నెల్ మాట.

"ఆమె అలా నవ్వేది కాదురా," అంది వర్నెల్. "నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నీకేం తెలుసు, అప్పటికి నువ్వు పుట్టలేదు."

"పుట్టలేదు కాబట్టే కదక్కా," అన్నాడు లుట్రెల్, "డబ్బా కొనుక్కున్నాను."

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. చర్చిలో చేపల వేపుడు పెట్టిన రోజు కూడా వాడు అటు చివరి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆవిడ వాడి పళ్ళెం వేరేవాళ్ళ చేత పంపింది. పెద్ద ముక్కే పంపింది, అది వేరే సంగతి.

ఇందులో మిల్లుకెంత సుఖమో చూడండి! ఉంచితే వర్నెల్ తిడుతుంది, తీసేస్తే లుట్రెల్ ఏడుస్తాడు. 'చూశారా, వాళ్ళకేం కావాలో వాళ్ళకే తెలీదు' అని మిల్లు నిట్టూరుస్తుంది. తలగుడ్డ కట్టినవాడెవడు, నవ్వు గీసినవాడెవడు అని ఎవరూ అడగరు. మేమూ మేమూ కొట్టుకుంటుంటే వాళ్ళు నిమ్మరసం తాగుతూ చూడొచ్చు.

అంతలో మిల్లుకి ఇంకో సంగతి గుర్తొచ్చింది. మా శ్మశానంలో వర్నెల్ నాయనమ్మ సమాధి మీద రాయి వేయించింది వాళ్ళే. దాని మీద ఒక పెనం బొమ్మ, కింద 'ఆంటీ జిల్ఫా'. మరొక అక్షరం లేదు. పెట్టె మీంచి ఆంటీని తీసేసి రాయి మీద ఉంచితే పేపర్లవాళ్ళు ఊరుకుంటారా? కమిటీ వేశారు. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడటమెలాగో పాఠాలు చెప్పే నిపుణుల్ని పిలిపించారు. పాత రాయి పీకి, కొత్త రాయి తెచ్చారు.

శనివారం పొద్దున ఆవిష్కరణ. మడత కుర్చీలు, మా వంటగది నుంచి నిమ్మరసం, ముందు వరసలో టోపీలు పెట్టుకున్న మా పెద్దమ్మలు. మిల్లు తరఫున హాచర్ అని, వాళ్ళ పాత చరిత్ర చూసుకునే హెరిటేజ్ డైరెక్టర్ వచ్చింది. చెడ్డ మనిషి కాదు. మెత్తటి నేలలో చెప్పుల మడమలు దిగబడుతున్నా నవ్వు చెదరనీయలేదు. ఆ నవ్వు ఆవిడకి ఎవరు గీశారో! ఎంతో అధ్యయనం చేశామని, తప్పు దిద్దుకునే అవకాశం దక్కినందుకు తల వంచుతున్నామని నాలుగు మాటలు చెప్పి నీలం గుడ్డ లాగింది.

నల్లరాయి. బంగారు అక్షరాలు. 'శ్రీమతి జిల్ఫా. మన ఉదయాల చిరునవ్వు.'

చప్పట్లు కొట్టబోయిన చేతులు గాల్లో ఆగాయి. లుట్రెల్ ఎక్కడో వెనక నిలబడ్డవాడు, ఇన్నాళ్ళకి మొదటిసారి వర్నెల్‌తో మాట్లాడాడు.

"ఎవరక్కా ఈవిడ? మన చుట్టమా?"

"తెలీదురా. నాయనమ్మ మంచం మీద ఎవరో పరాయి మనిషి పడుకున్నట్టుంది."

హాచర్ కంగారుపడింది. ఆంటీ అన్న మాటే కదా మీకు అవమానం, అది తీయించాం, శ్రీమతి అని కూడా పెట్టించాం కదా అని వర్నెల్ చేతులు పట్టుకుంది.

"పెట్టారమ్మా," అంది వర్నెల్. "కంచరగాడిదకి పెట్టారు. మా నాయనమ్మకి పెట్టండి. శ్రీమతి ఓ. ఎల్. మేబ్రీ."

పాఠకులారా, ఇక్కడ మిల్లు తెలివికి మీరు మళ్ళీ దణ్ణం పెట్టాలి. హాచర్ ఫోను తీసుకుని పెకన్ చెట్టు కిందికి వెళ్ళి లాయర్లతో మాట్లాడి వచ్చింది. ఇంటిపేరు చెక్కడం కుదరదట. ఇంటిపేరు ఉంటే ఇల్లుంటుంది, ఇల్లుంటే వారసులుంటారు, వారసులుంటే వాటా అడిగే నోరుంటుంది. పిండి అమ్మినన్నాళ్ళూ 'రండి, అసలైన ఆంటీ జిల్ఫాని కళ్ళారా చూడండి' అని ఊరూరా గోడల మీద అతికించిన మిల్లు, ఇప్పుడు ఆంటీ జిల్ఫా అనే మనిషే లేదు, వట్టి బొమ్మ అంటోంది. పనికొచ్చినప్పుడు మనిషి, పేరడిగినప్పుడు బొమ్మ! మరి ఆ రాయి కింద ఎవరిని పూడ్చారయ్యా? పిండిపెట్టెనా?

లాయర్లు ఒక్కదానికి మాత్రం ఒప్పుకున్నారట. "ఆమె మొదటి పేరు చెప్పు వర్నెల్," అంది హాచర్, ఎంతో ప్రేమగా. "వట్టి పేరైతే చెక్కించొచ్చన్నారు. ఇంట్లో మనిషిలా, దగ్గరగా ఉంటుంది."

ముందు వరసలో పెద్దమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, మరి దేనికో.

వర్నెల్ గొంతు పెంచలేదు. "మా తాతకి తెలుసు ఆ పేరు. దేవుడికి తెలుసు. మీ పెద్దదొర అడిగితే ఆమె చెప్పలేదు. ఇప్పుడు మీరడిగితే నేను చెప్తానా హాచర్ గారూ?"

అని, గడ్డిలో పడున్న నీలం గుడ్డ తీసి, దులిపి, రాయి మీద మళ్ళీ కప్పేసింది. గాలికి అంచు లేస్తుంటే లుట్రెల్ తన ట్రక్కులోంచి చేపల గాలం తాడు తెచ్చాడు. అక్క గుడ్డ బిగించి పట్టుకుంది, తమ్ముడు ముడి వేశాడు.

"ఆవిష్కరణ ఇంకా కాలేదమ్మా," అంది వర్నెల్. "నిమ్మరసం తాగి వెళ్ళండి."

ఆ గుడ్డ ఇప్పటికీ అలాగే ఉంది. వానకి రంగు దిగి, చూడటానికి అచ్చం తలగుడ్డలా తయారైంది.

డన్‌లీ మిల్లు పెద్దలారా, బొమ్మ తీసేసినందుకు చెప్పిన వందనాలు నేను వెనక్కి తీసుకోను. ఆ నవ్వు పోవాల్సిందే. కానీ గీసిన ముఖం తుడిస్తే దాని వెనక ఉన్న మనిషి కనపడాలి. మీరు తుడిచిన చేత్తోనే అక్కడ సూర్యుణ్ణి అతికించారు. ముఖం వాడుకున్నప్పుడు మమ్మల్ని అడగలేదు, తీసేసినప్పుడూ అడగలేదు. మధ్యలో మీరు ఆమెకు ఇవ్వాల్సిన పిలుపు ఒక్కటుంది, శ్రీమతి. దాన్ని మోసుకొచ్చి ఒక కంచరగాడిదకి ఇచ్చి పోయారు!

కాబట్టి వినండి. ఆ రాయి మీంచి జిల్ఫాని చెరిపేయండి. శ్రీమతి ఓ. ఎల్. మేబ్రీ అని రాయించండి. జిల్ఫా ఎంత లోతుంటే అంత లోతుగా, అంతే పెద్దగా, పొడి అక్షరాల పక్కన చుక్కలతో సహా. ఆ అబద్ధపు చిరునవ్వు కూడా తీసేయండి. తర్వాత మీ పెద్దలంతా వచ్చి, లుట్రెల్ ముడి విప్పుతుంటే నిలబడి, ఆ రాయి మీదున్నది నోరారా, అందరికీ వినపడేలా చదవండి. లాయర్లనూ తెచ్చుకోండి, వాళ్ళకీ నిమ్మరసం ఉంది.

ఓ అంటే ఏమిటని మాత్రం అడక్కండి.